రాళ్ళకట్ట

మే 6

ఈరోజు నన్ను రాయిపెట్టి కొట్టారు.

నైన్త్ బి క్లాసులో బోర్డు మీద బొమ్మ గీస్తున్నాను. ముందు భుజం మీద దెబ్బ తెలిసింది, కిటికీ అద్దం పగిలిన చప్పుడు ఆ తర్వాత చెవికెక్కింది. పిల్లలు బెంచీల కింద దూరారు. నేను మాత్రం వంగి ఆ రాయి తీసి చూశాను. ఏళ్ళ తరబడి జాగ్రఫీ చెప్పేవాళ్ళకి పట్టే రోగం ఇది. ఒక పక్క నున్నగా ఉంది. దాని మీద గోళ్ళతో బరికినట్టు వరసగా గీతలు. మంచు కింద పడి, కొండకేసి రాసుకుని నలిగిన రాయి. అంటే పైనున్న కట్ట నుంచే వచ్చింది. ఇదిగో, నిన్న చెప్పిన స్ట్రయేషన్స్ ఇవే అని పిల్లలకి చూపించాను. ఎవరూ నవ్వలేదు. ఒకమ్మాయి ఏడ్చింది.

కారణం నిన్నటి పాఠమే. మంచు కొండ మీంచి జారుతూ రాళ్ళనీ మట్టినీ తోసుకొచ్చి ముందు కుప్ప పోస్తుంది. దాన్ని మొరెయిన్ అంటారు. ఎండలు ముదిరితే మంచు వెనక్కి తగ్గుతుంది. కుప్పకీ మంచుకీ మధ్య ఖాళీలో నీళ్ళు నిలుస్తాయి. పుస్తకంలో ఎక్కడెక్కడి ఫొటోలో వేశారు. వాటితో మనకేం పని, కిటికీలోంచి చూడండి అన్నాను. మన ఊరి నెత్తిమీద ఉన్న సరస్సుని ఆపుతున్నది ఆ రాళ్ళకట్ట ఒక్కటే, ఎవరూ కట్టింది కాదు, సిమెంటు లేదు, ఇనుము లేదు. దాన్నే మనం తవ్వి, క్రషర్లో వేసి, కంకర చేసి అమ్ముకుంటున్నాం అన్నాను.

హోంవర్క్ ఏనాడూ సరిగ్గా అప్పజెప్పని పిల్లలు ఇది మాత్రం ఇళ్ళకెళ్ళి పొల్లుపోకుండా అప్పజెప్పారు.

హెడ్మిస్ట్రెస్ పిలిచి మందలించింది. సిలబస్‌లో ఉన్నది చెప్పండి, ఊళ్ళో ఉన్నది చెప్పకండి అంది.

మే 8

భుజం నల్లబడింది. ఎత్తితే నొప్పి. బోర్డు కిందిసగంలోనే రాస్తున్నా.

మే 9

కింద బేకరీ ఆయన మెట్ల దగ్గర ఆపాడు. నేనుండే రెండు గదులూ ఆయనవే. మంచివాడు, పొద్దున్నే వేడి బన్ను తలుపుకి తగిలించి పోతాడు. ఈరోజు బన్ను లేదు, మాట ఉంది. టీచరమ్మా, మా తమ్ముడు క్రషర్లో పనిచేస్తున్నాడు, మా పాప మీ క్లాసులోనే ఉంది, రెండువైపులా నన్నెందుకు నలుపుతారు అన్నాడు. నేను రాళ్ళ గురించి చెప్పానండీ, మనుషుల గురించి కాదు అన్నాను. ఈ ఊళ్ళో రాళ్ళే మనుషులు అన్నాడు. 

క్రషర్ అంటే మిషను పేరూ అదే, దాని ఓనరు పేరూ అదే. ఊరంతా అతన్ని అలాగే పిలుస్తుంది. నాకు వరసకి మరిది. చెల్లెలి మొగుడు. అమ్మ పోయాక దాన్ని జడ వేసి, జ్వరాలు కాచుకుని పెంచింది నేను. తీసుకెళ్ళింది అతను.

మే 20

సెలవు కదా అని కట్ట మీదికి వెళ్ళాను.

రెండేళ్ళయింది అక్కడికెళ్ళి. గుర్తుపట్టలేకపోయాను. కట్ట ముందు భాగం రొట్టె ముక్క కొరికినట్టు కొరికేశారు. నాలుగు తవ్వే మిషన్లు పక్కపక్కన నిలబడి తింటున్నాయి. కోసిన చోట రాళ్ళ మధ్య నుంచి మంచు కనబడుతోంది, మురికి పట్టిన పాత మంచు, ఏ కాలం నుంచి అందులో పూడుకుపోయి ఉందో. గాలి తగిలి కరుగుతోంది. కింద పాదం దగ్గర ఊట ఉండేది, చిన్నప్పుడు మేం దోసిళ్ళతో తాగిన ఊట. ఇప్పుడు అది టీ రంగులో వస్తోంది. గ్లాసులో పట్టి చూస్తే అడుగున ఒండ్రు. నీళ్ళు తేటగా వస్తే కట్ట ఊరుతోందని అర్థం. మట్టితో వస్తే లోపల కట్ట కరిగి పోతోందని అర్థం.

మరిది ఎదురొచ్చాడు. వదినా, ఫోను చేస్తే జీపు పంపేవాణ్ణి కదా అన్నాడు. కుర్చీ వేయించాడు. ఊట చూపించాను. మొన్న వాన పడింది కదండీ అన్నాడు. మంచు చూపించాను. అదే సిమెంటు, అదున్నంత కాలం ఇది కదలదు అన్నాడు. అది కరుగుతోందని చెప్పాను. వదినా, మా తాత పుట్టకముందు నుంచీ ఉంది, మీ పాఠానికి భయపడి పడిపోతుందా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగా నమ్ముతున్నాడు. అదే నాకు ఎక్కువ భయం వేసింది.

తిరిగొస్తుంటే ఒక మిషన్ డ్రైవరు సరదాకో, బెదిరించడానికో, బకెట్ గిర్రున తిప్పి నా తల మీదుగా పోనిచ్చాడు. గాలి తగిలి జుట్టు రేగింది. మరిది ఒక్క గెంతులో మిషను ఎక్కి అతన్ని కాలరు పట్టి కిందికి లాగాడు. చెవి మీద కొట్టాడు. పడినా కొట్టాడు. చెవిలోంచి నెత్తురు వచ్చింది. ఆపండి అని నేను అరిచేదాకా ఆపలేదు. తర్వాత నా దగ్గరకొచ్చి, క్షమించండి వదినా, మా వాళ్ళకి మర్యాద తెలీదు అన్నాడు. పిడికిలి ఇంకా విప్పలేదు.

ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. నిజమే రాస్తున్నాను, వేసింది. ఆ తర్వాత, ఇంట్లో ఇతన్ని ఆపండి అనడానికి ఎవరుంటారు అనిపించింది.

జూన్ 2

చెల్లి వచ్చింది. పెదవి చిట్లింది. బాత్రూమ్‌లో జారి పడ్డానంది. నీళ్ళు కాచి తుడిచాను. జారిపడితే పెదవి లోపలివైపు పన్ను గుచ్చుకోదని దానికీ తెలుసు, నాకూ తెలుసు.  సినిమా కబుర్లు చెప్పుకున్నాం.

జూన్ 10

నిన్న రాయలేకపోయాను. 

స్కూలు హాల్లో మీటింగ్ పెట్టించాను. వాటర్ ఆఫీసు ఇంజినీరు వచ్చాడు. కట్టని కింద నుంచి, జీపులో కూచుని చూశాడట. ప్రమాదమేమీ లేదు, ఏడాది తర్వాత మళ్ళీ చూస్తాం అన్నాడు. నేను లేచి ఊట నీళ్ళ సీసా ఎత్తి చూపించాను. ఏదో చెప్పబోయాను. కాలవ నీళ్ళు పట్టుకొచ్చి కథలు చెబుతోంది, మా పొట్ట కొడుతోంది అని వెనక నుంచి ఎవరో అరిచారు. సీసా లాక్కున్నారు. ఒకరు నన్ను తోశారు. తోసిన చేతిని బేకరీ ఆయన పట్టుకున్నాడు, ఆడమనిషి మీద చెయ్యేమిట్రా అని. అతన్ని కుర్చీతో కొట్టారు. ఇక అంతే. ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలీలేదు. ఒకే కంపెనీలో పక్కపక్కన పనిచేసేవాళ్ళు పళ్ళు రాలగొట్టుకున్నారు. నా మోచెయ్యి ఎవరి ముఖానికో తగిలింది. పొరపాటున తగిలిందని అనుకోవడం నాకిష్టం.

ఇంజినీరు కిటికీలోంచి దిగి పోయాడు. ఆ విషయంలో మాత్రం ఊరంతా ఏకాభిప్రాయం: దిగడం బాగా చేతనైనవాడు.

మరిది ఆ గొడవలో లేడు. వెనక గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, నన్నే చూస్తూ నిలబడ్డాడు.

జూన్ 18

చెల్లి సంచితో వచ్చింది. ఈసారి జారి పడలేదు. వానలు తగ్గేదాకా తవ్వకం ఆపమని అడిగిందట. అక్క నేర్పిన మాటలా అన్నాడట. కాదు, నాకు భయమేస్తోంది అందట. తలుపు సందులో దాని మణికట్టు పెట్టి తలుపు వేశాడు.

ఎముక విరగలేదని డాక్టరు చెప్పాడు. కట్టు కట్టించుకుని నా మంచం మీద నిద్రపోయింది, చిన్నప్పట్లాగే గోడవైపు తిరిగి.

ఇక పంపను.

జూన్ 20. సాయంత్రం

అతను వచ్చాడు.

మెట్ల మీద బూట్ల చప్పుడుకే చెల్లి లేచి బాత్రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. మొదట మెల్లగా కొట్టాడు తలుపు. వదినా, దాంతో ఒక్క మాట, అంతే అన్నాడు. రేపు రమ్మన్నాను. ఆ తర్వాత భుజంతో కొట్టాడు. గొళ్ళెం మేకులతో సహా ఊడొచ్చింది. లోపలికొచ్చి నన్ను పక్కకి నెట్టాడు, తలుపు కర్టెన్ నెట్టినట్టు. బాత్రూమ్ తలుపు తన్నడం మొదలుపెట్టాడు. లోపల నుంచి చెల్లి, వస్తున్నా, వస్తున్నా, కొట్టకండి అంటోంది. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. అలవాటు పడిన గొంతు.

అల్మారాలో నా సుత్తి ఉంది. ట్రిప్పులకి వెళ్ళినప్పుడు రాళ్ళు పగలగొట్టి పిల్లలకి చూపించే సుత్తి. తీశాను. తలకి గురిపెట్టాను. నిజం. ఆఖరి నిమిషంలో అతను తిరిగాడు. మెడకీ భుజానికీ మధ్య పడింది. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడు.

మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కోపం లేదు ముఖంలో. ఆశ్చర్యం. వదినా అన్నాడు, అంతే.

రెండోసారి ఎత్తాను. చెల్లి బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

జూన్ 21

ఇన్‌స్పెక్టర్ వచ్చి విరిగిన తలుపు చూసి, నన్ను చూసి, కంప్లెయింట్ ఏమీ లేదని చెప్పి పోయాడు. మరిది హాస్పిటల్లో మిషను మీంచి జారి పడ్డానని రాయించుకున్నాడట. ఆ ఇంట్లో అందరూ జారి పడేవాళ్ళే.

జూన్ 28

చెల్లి వెళ్ళిపోయింది.

ఒంటి చేత్తో చొక్కా బొత్తాలు పెట్టుకోలేడక్కా అంది. చెంచా పట్టుకోలేడు, షూ లేసులు కట్టుకోలేడు, పనిమనిషిని దగ్గరకి రానివ్వడు అంది. నువ్వు కొట్టకపోయుంటే నేనిక్కడే ఉండిపోయేదాన్నేమో అంది. నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది.

నేను అరిచాను. నీకు బుద్ధి లేదన్నాను. కొట్టేవాడి చేతికి కట్టు కట్టడానికి పోతావా అన్నాను. సంచి లాక్కున్నాను. అది తిరిగి లాక్కుంది. పట్టు మీద పట్టు. ఆఖరికి నేనే దాని చెంప మీద కొట్టాను. 

అక్కా, నువ్వూనా అంది.

వాళ్ళ ఇల్లు ఏటి ఒడ్డున, లోయ నోటి దగ్గర, ఏరు తెచ్చిన ఒండ్రు మీద ఉంది. కొత్త ఇల్లు, పెద్ద కిటికీలు. బాల్కనీలోంచి ఏటి చప్పుడు వింటూ నిద్రపోవడం బాగుంటుందని ఒకప్పుడు చెప్పింది.

జూలై 4

వేడి. ఇంత వేడి ఈ ఎత్తులో నేనెరగను. టెన్త్ క్లాసుకి ప్రపంచ శీతోష్ణస్థితి మండలాలు చెప్పాను. టండ్రాలో అత్యంత వెచ్చని నెల సగటు పది డిగ్రీలు దాటదు అని బోర్డు మీద రాస్తుంటే చెమట కారి సుద్దముక్క జారిపోయింది. మరి మనది ఏ మండలం టీచర్ అని ఒకడు అడిగాడు. పోయిన ఏడాది ఒకటి, ఈ ఏడాది ఇంకొకటి అన్నాను. పరీక్షలో ఏం రాయాలి అన్నాడు. పోయిన ఏడాదిదే రాయి అన్నాను.

జూలై 8

మంచు మీద వాన. మంచు పడాల్సిన చోట వాన. మూడోరోజు.

జూలై 9

ఏరు సిమెంటు నీళ్ళలా ఉంది. అడుగున బండలు దొర్లుతున్నాయి. వంతెన మీద నిలబడితే అరికాళ్ళకి తెలుస్తోంది. చెల్లికి ఫోను చేశాను. నాలుగు రోజులు నా దగ్గర ఉండండి, ఇద్దరూ రండి అన్నాను. ఇద్దరూ అన్నాను. అడుగుతానంది. మళ్ళీ చేసింది. తలుపు బాగుచేయించారా అని అడగమన్నాట్ట. అది నవ్వింది. నేనూ నవ్వాను.

జూలై 12

నిన్నటిది రాస్తున్నాను. వరసగా రాయకపోతే పిచ్చెక్కుతుంది.

నైన్త్ బి. రెండో పీరియడ్. నది చేసే పనులు: కోత, రవాణా, నిక్షేపణ. రాసి ఇటు తిరిగాను. ఏదో తేడాగా ఉంది. ఏమిటో తెలీలేదు. కిటికీ దగ్గర కూచునే పిల్ల, బేకరీ ఆయన కూతురు, టీచర్, ఏటి చప్పుడు ఆగిపోయింది అంది.

చూశాను. ఏరు లేదు. తడి రాళ్ళున్నాయి, గుంటల్లో చేపలు కొట్టుకుంటున్నాయి. వంతెన కింద మనుషులు అప్పుడే దిగి బుట్టలతో చేపలు ఏరుకుంటున్నారు.

వానల్లో ఏరు ఎండదు. పైన ఎక్కడో కట్ట విరిగి పడి దారి మూసింది. మూసింది ఎంతోసేపు ఆగదు.

ముందు చెల్లికి ఫోను చేశాను. ఎత్తింది. అతనేడీ అంటే కట్టు మార్పించుకోడానికి హాస్పిటల్‌కి వెళ్ళాడంది. హాస్పిటల్ గట్టు మీద ఉంది, దానికేం కాదు. నువ్వు ఇప్పుడే, ఉన్నపళంగా కొండెక్కు అన్నాను. సరే అక్కా, స్టవ్ మీద పాలున్నాయి, ఆపి వస్తా అంది. పాలు వదిలెయ్ అన్నాను. ఫోను పెట్టేసింది.

హెడ్మిస్ట్రెస్ వద్దంది. పై నుంచి ఆర్డరు లేకుండా పిల్లల్ని గేటు దాటించకూడదంది. నేను ఆవిడతో వాదించలేదు. బెల్లు కొట్టే రాడ్డు తీసి బెల్లు ఆపకుండా కొట్టాను. పిల్లలు బిలబిలా వచ్చారు. ఇంటి బెల్లు అనుకున్నారు, నవ్వుతున్నారు. వెనక గేటు తాళం వాచ్‌మన్ దగ్గర. ఇవ్వనన్నాడు. అతని చెయ్యి కొరికాను. నోట్లో నెత్తురు రుచి తగిలేదాకా కొరికాను. తాళంచెవి వదిలాడు.

వెనక గుట్ట ఉంది. ఎప్పుడో ఏరు ఇంత ఎత్తున పారినప్పుడు వదిలిపోయిన మెట్టు. ఎక్కండి అన్నాను. పెద్దవాళ్ళు ఎక్కారు. చిన్నవాళ్ళు సంచులకోసం వెనక్కి తిరిగారు. ఒకడు షూ జారిందని కూచున్నాడు. కొట్టాను. రాడ్డుతో, చేత్తో, అందినచోట, వీపుల మీద, పిక్కల మీద. ఏడుస్తూ పరిగెత్తారు. ఏడవనివ్వండి. నా చేతిలో ఎంతమంది దెబ్బలు తిన్నారో లెక్క లేదు. మిగతా టీచర్లు నన్ను చూసి వాళ్ళూ కొట్టడం మొదలుపెట్టారు. హెడ్మిస్ట్రెస్ ఫస్ట్ క్లాసు పిల్లలిద్దర్ని చంకల్లో పెట్టుకుని ఎక్కింది. ఆవిడకి ఆయాసం జబ్బు.

సగం ఎక్కేసరికి బేకరీ ఆయన భార్య వచ్చింది. పిల్లల్ని గొడ్లని బాదినట్టు బాదుతున్నావేమే రాక్షసీ అని నా మీద అరిచి, కూతురి చెయ్యి పట్టుకుంది. ఏరు ఎండిపోయిందమ్మా, టీచర్ చెప్పింది అని ఆ పిల్ల చెబుతూనే ఉంది. ఎండితే మంచిదేగా, ఇంటికి పద అంది. నేను రాడ్డు ఎత్తాను. దించాను. పిల్లల్ని కొట్టినంత తేలిగ్గా తల్లిని కొట్టలేం. ఇద్దరూ దిగి వెళ్ళారు.

ముందు గాలి వచ్చింది. తడిమట్టి వాసన, దాంట్లో డీజిలు వాసన. తర్వాత నేల వణికింది. తర్వాత లోయ మలుపులోంచి వచ్చింది. నీళ్ళని అనుకోలేం. గోధుమరంగు గోడ. దాని ముందువరసలో బండలు ఒకదాన్నొకటి తన్నుకుంటూ, ఎగిరి పడుతూ. మనుషుల కొట్లాటలాగే ఉంది. బస్సంత బండలు. చెట్లు నిలువునా వస్తున్నాయి, తలలు ఊపుకుంటూ. మరిది మిషన్లలో ఒకటి, పసుపుపచ్చది, బొమ్మలా పల్టీలు కొడుతూ వచ్చి వంతెనని కొట్టింది. వంతెన లేదు. చేపలు ఏరుకునేవాళ్ళు లేరు. లోయనోటి దగ్గర ఇళ్ళు ఒక వరసలో ఉంటాయి. గోడ వాటి మీదుగా వెళ్ళింది. వెళ్ళాక వరస లేదు.

స్కూలు నిలబడింది కాసేపు. తర్వాత మధ్యలోంచి వంగి కూచుంది.

పిల్లలు ఏడుపు ఆపేశారు. నా చేతిలో రాడ్డు అలాగే ఉంది.

జూలై 13

చెల్లి గుట్ట మీద లేదు. హాస్పిటల్లో లేదు. చర్చి దగ్గర పరిచిన దుప్పట్ల కింద లేదు. ప్రతి దుప్పటీ ఎత్తి చూశాను.

నేను ఆ సుత్తితో కొట్టకపోతే అది తిరిగి వెళ్ళేది కాదు. కొట్టకపోతే అతను ఆ పూట హాస్పిటల్లో ఉండి బతికేవాడు కాదు. దీన్ని ఇంతకు మించి ఆలోచించను.

జూలై 15

హాస్పిటల్ మీదికి ఊరు వెళ్ళింది. నా మీద రాయి వేసిన ఊరే. మీటింగులో కుర్చీలు లేపిన ఊరే. ముందు బేకరీ ఆయన, చేతిలో గొడ్డలి. భార్య శవం దొరికింది ఆయనకి. కూతురు దొరకలేదు. తమ్ముడు మిషన్లతో పాటే పోయాడు.

మరిది వాళ్ళకి ఎదురుగా మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాడు. దాక్కోలేదు. చెయ్యి మెడకి వేలాడుతోంది. మొదటి దెబ్బ కర్రతో ఎవరో మోకాలి మీద కొట్టారు. పడ్డాడు. తర్వాత కాళ్ళతో తన్నారు. అతను విరిగిన భుజం కింద పెట్టుకుని ముడుచుకుని ఉన్నాడు.

నేను గుంపులోనే ఉన్నాను. రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను: చావనీ అనుకున్నాను. బేకరీ ఆయన నన్ను చూశాడు. జనాన్ని ఆపాడు. టీచరమ్మా, నువ్వు ముందే చెప్పావు, మేం వినలేదు, నీ చెల్లెల్నీ మింగాడు వీడు, నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావు అన్నాడు. గొడ్డలి నా వైపు చాచాడు, పిడి ముందుకు పెట్టి.

 నేను అతని దగ్గరకెళ్ళి కూచున్నాను. నా చెల్లెలు ఎక్కడుంది అన్నాను. నెత్తురు ఉమ్మి, వంటింట్లో ఉండుంటుంది వదినా, నేను తవ్వుతాను, నన్ను తవ్వనివ్వండి అన్నాడు.

లేచి చెప్పాను. ఆ ఇల్లు ఎక్కడుండేదో, ఏ గది ఎటుండేదో ఇతనికి తప్ప ఎవరికీ తెలీదు. నా చెల్లెలు దొరికేదాకా ఇతన్ని తవ్వనివ్వండి. దొరికాక మీ ఇష్టం.

ఒప్పుకున్నారు. నా మాటకి ఈ ఊరు ఒప్పుకోవడం ఇదే మొదలు.

జూలై 19

తవ్వుతున్నాం. అతను ఒంటి చేత్తో పార పట్టి, నేను పలుగుతో. బండల మధ్య బూడిదరంగు మట్టి, పైన పెచ్చు కట్టింది, కింద జావ. మాట్లాడుకోం. అవసరమైతే, ఇటు వంటిల్లు, ఇటు మెట్లు అంటాడు. అతనికే తెలీడం లేదని నాకు అర్థమవుతోంది. పునాదులే లేవు. ఇల్లు ఎక్కడుండేదో అక్కడ ఏరు పారుతోంది. ఏరు వేరే చోటికి మారింది.

బేకరీ ఆయన ఎదురుగా బండ మీద కూచుంటాడు, పొద్దుటి నుంచి చీకటి పడేదాకా. గొడ్డలి ఒళ్ళో. కూతురి కోసం ఆయనా మొదట్లో తవ్వాడు. ఇప్పుడు తవ్వడు. చూస్తాడు.

జూలై 21

ఈరోజు మరిదికి స్పృహ తప్పింది. కట్టు తడిసి చీము పట్టింది. నీళ్ళు చల్లి లేపాను. లేవగానే పార అందుకున్నాడు. కాసేపు పడుకో అన్నాను. మొదటిసారి నువ్వు అన్నాను అతన్ని. పడుకుంటే చంపుతారని తవ్వుతున్నాననుకుంటున్నారా వదినా, దానికి కాదు అన్నాడు. 

దాన్ని కొట్టేవాడివి కదా అన్నాను. కొట్టేవాణ్ణి అన్నాడు. ఎందుకు అన్నాను. చాలాసేపు తవ్వాడు. భయమేసినప్పుడల్లా కొట్టేవాణ్ణి అన్నాడు. కట్ట పడుతుందని అది అన్నప్పుడు చాలా భయమేసింది అన్నాడు.

అక్కడే పలుగుతో కొట్టాలనిపించింది. కొట్టలేదు. పక్కన తవ్వాను.

జూలై 24

చేతులు పుండ్లు. రాయలేను.

జూలై 26

చెల్లి దొరికింది.

ఇంటికి చాలా దిగువన, రెండు బండల మధ్య. నేనొక్కదాన్నే ఉన్నాను. చెయ్యి కనబడింది. కొరికిన గోళ్ళు. చిన్నప్పుడు వేపనూనె రాసినా మాననిది ఆ అలవాటు. కడిగాను. కాసేపు పట్టుకుని కూచున్నాను.

పైన అతను తవ్వుతున్న చప్పుడు వినబడుతోంది. అతనికి ఎదురుగా బండ మీద ఆయన ఉంటాడు, ఒళ్ళో గొడ్డలితో. దొరికాక మీ ఇష్టం అన్నది నేనే.

మట్టి కప్పేశాను. పైకెళ్ళి, ఇక్కడ ఏమీ లేదు, రేపు ఇంకా పైన చూద్దాం అన్నాను.